కరువు ఏడాదిలో హజ్రత్ ఉమర్ (రజి)

హజ్రత్ ఉమర్ (రజి) పేరు వినగానే మన ఇళ్లలో చిన్న పిల్లలకు సైతం గుర్తొచ్చే దృశ్యం ఒకటుంది. పొయ్యి మీద ఉత్త నీళ్లు మరగబెడుతూ, ఆకలితో ఏడ్చే పిల్లలను మభ్యపెడుతున్న తల్లి. ఆమె కోసం బైతుల్ మాల్ నుంచి పిండి బస్తాను తన వీపున మోసుకెళ్లిన ఖలీఫా. దాదీమాల నోట, నానీమాల నోట అందరం విన్న ఆ వృత్తాంతాన్ని ఇక్కడ తిరిగి చెప్పబోవడం లేదు. ఒక కుటుంబం ఆకలిని ఒక వీపు మోయగలదు. ఎడారికి ఎడారే ఆకలితో కదిలివచ్చి మదీనా పొలిమేరల్లో కూర్చున్నప్పుడు ఆయన ఏం చేశారు, ఎలా చేశారు అన్నది మాత్రం మనలో చాలామందికి తెలియదు. హిజ్రీ 18వ సంవత్సరం, అంటే క్రీ.శ. 639 నాటి ఆ సంగతులు చరిత్ర గ్రంథాల్లో అంకెలతో సహా నమోదై ఉన్నాయి. ఈ వారం వాటిని చెప్పుకుందాం.

ఉమర్ (రజి) మక్కాలో ఖురైష్ తెగకు చెందిన బనూ అదీ వంశంలో జన్మించారు. వారిది మక్కా పెద్దల్లో లెక్కకు వచ్చే ఇల్లే అయినా సంపన్నుల ఇల్లు కాదు. తండ్రి ఖత్తాబ్ బహు కఠినుడు. మక్కాకు దగ్గర్లోని దజ్నాన్ అనే చోట కుమారుడి చేత ఒంటెలు కాయించేవాడు, కట్టెలు మోయించేవాడు. అలసిపోతే కొట్టేవాడు. ఎన్నో ఏళ్ల తర్వాత, ఖలీఫాగా అదే దారిన వెళుతూ ఉమర్ (రజి) అక్కడ ఆగి ఆ రోజులను తలచుకున్నారు. పశువే ఆస్తిగా బతికేవాడికి పశువు పోతే ఏమవుతుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఆయన చదవడం, రాయడం కూడా నేర్చుకున్నారు. ఆనాటి మక్కాలో అక్షరాలు తెలిసినవారు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. కాపరి పని, కలం పని రెండూ తెలిసిన మనిషి కావడం ముందుముందు ఎంత అక్కరకొచ్చిందో చూస్తాం.

ఆయన ఇస్లాం స్వీకరించిన తీరు, హిజ్రత్, దైవప్రవక్త ముహమ్మద్ (స) వెంట గడిపిన సంవత్సరాలు పాఠకులకు తెలిసినవే. క్రీ.శ. 634లో హజ్రత్ అబూబకర్ (రజి) మరణానంతరం ఖిలాఫత్ బాధ్యత ఆయన భుజాల మీద పడింది. నాలుగేళ్లు తిరిగేసరికి సిరియా, ఇరాక్ ప్రాంతాలు ఇస్లామీ రాజ్యంలో చేరాయి. జెరూసలేం తాళాలు అందాయి. ఖజానాకు ఎన్నడూ ఎరగనంత ధనం రాసాగింది. సరిగ్గా అప్పుడే, రాజధాని మదీనా చుట్టుపక్కల వానలు పడటం మానేశాయి.

అరబ్బు చరిత్రకారులు ఆ ఏడాదిని ఆముర్రమాదా అన్నారు. బూడిద సంవత్సరం అని అర్థం. నేలంతా ఎండి, మాడి, నల్లబడి బూడిద రంగుకు తిరిగిందట. హిజాజ్‌లో అప్పటి బతుకుదెరువు ఎలాంటిదో గుర్తుంచుకుంటే ఆ పేరులోని బరువు మనకు తెలుస్తుంది. మదీనాలో ఖర్జూర తోటలు, కొద్దిపాటి పైరు ఉండేవి. మక్కాకు వ్యాపారం ఆధారం. వీటికి వెలుపల ఎడారిలో తిరిగే బద్దూలకు మాత్రం ఒంటెలు, గొర్రెలు, మేకలే సర్వస్వం. పాలూ అవే, మాంసమూ అవే, గుడారానికి బొచ్చూ అవే, సంతలో ధాన్యం కొనుక్కునే పైకమూ అవే. వాన లేకపోతే గడ్డి లేదు, గడ్డి లేకపోతే పశువు లేదు. బక్కచిక్కిన పశువును అమ్ముదామన్నా కొనేవాడు ఉండడు. మనవైపు మెట్ట ఊళ్లలో కరువు చూసిన పెద్దలకు ఈ గొలుసు వేరే వివరించనక్కర లేదు. హజ్ నుంచి జనం తిరిగి వచ్చిన సమయంలో మొదలైన ఆ కష్టం తొమ్మిది నెలలు సాగింది. పొడి ఎముకలను నలిపి మింగినవారు, ఎలుకల కన్నాలు తవ్వి దొరికింది తిన్నవారు ఉన్నారని ఇబ్న్ సఅద్ తన గ్రంథంలో నమోదు చేశారు.

అలా తిండి లేక నలుదిక్కుల నుంచి బద్దూలు మదీనాకు రాసాగారు. ఊరు బయట, బఖీ వైపున, బనూ హారిసా, బనూ ఖురైజా నివసించిన వాడల పక్కన, ఎక్కడ చోటు దొరికితే అక్కడ గుడారాలు వేశారు. రాజధాని ఊరికి చుట్టూ మరో ఊరు లేచినట్టయింది.

ఇక్కడ ఖలీఫా చేసిన మొదటి పని, ఊరి దారులను పంచుకుని ఒక్కో దిక్కుకు ఒక్కో మనిషిని నియమించడం. యజీద్, మిస్వర్ బిన్ మఖ్రమా, అబ్దుర్రహ్మాన్ బిన్ అబ్ద్, అబ్దుల్లాహ్ బిన్ ఉత్బా అనేవారు ఆ నలుగురు. తన దిక్కున ఎవరు కొత్తగా వచ్చారు, ఎవరు జబ్బుపడ్డారు, తిండి ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అని చూసుకోవడం వారి పని. పొద్దుగూకాక నలుగురూ ఖలీఫా దగ్గరికి వచ్చి ఆ రోజు జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేవారు. ఆ తర్వాత మర్నాటి పని నిర్ణయమయ్యేది.

వంట సంగతి చూడండి. పెద్ద పెద్ద దేగులు పొయ్యిల మీదికి ఎక్కించేవారు. వంటవాళ్లు సహర్ వేళకే లేచి పని మొదలుపెట్టేవారు. తెల్లవారగానే ముందుగా రోగులకు పెట్టి, ఆ తర్వాతే మిగిలినవారికి పిండి వంటకం చేసేవారు. నెయ్యి దొరకడం లేదు గనుక రొట్టె ముక్కలను జైతూన్ నూనెలో నానబెట్టి పెట్టేవారు. పాలూ నెయ్యీ తప్ప ఎరగని ఎడారి మనుషులకు ఆ నూనె పడలేదు, జ్వరాలు వచ్చాయి. అది తెలిసి ఖలీఫా, నూనెను ముందు పెద్ద దేగుల్లో బాగా మరిగించి దాని వేడి గుణం విరిగాకే రొట్టెకు కలపమని ఆజ్ఞాపించారు. సామ్రాజ్యాలు గెలిచిన పాలకుడు నూనె మరిగిందా లేదా అని చూడటం కొందరికి చిన్న పనిగా తోచవచ్చు. తినేవాడి కడుపుకు అది చిన్న విషయం కాదు.

ఒక రాత్రి భోజనాలు ముగిశాక, తమ దగ్గర తింటున్నవారిని లెక్కపెట్టమన్నారు. మర్నాడు లెక్క తేలింది, ఏడు వేల మంది పురుషులు. అక్కడితో ఆయన ఆగలేదు. పంక్తికి రాని కుటుంబాలను, మంచాన పడ్డవారిని, పిల్లలను కూడా లెక్కించమన్నారు. వారు నలభై వేలు తేలారు. కొన్ని రాత్రులు గడిచాయి, జనం ఇంకా పెరిగారు. మళ్లీ లెక్కించారు. ఈసారి వచ్చి తింటున్నవారు పది వేలు, రాలేనివారు యాభై వేలు. అంటే కొద్ది రోజుల తేడాలోనే 47 వేల నుంచి 60 వేలకు పెరిగింది.

ఈ అంకెల దగ్గర కాసేపు నిలబడదాం. పంక్తిలో కూర్చున్నవాడు ఒకడైతే, కనిపించనివారు ఐదుగురు. వచ్చినవారిని లెక్కించడం ఏ వంటవాడైనా చేస్తాడు, వండాలి కనుక. రానివారిని లెక్కించాలని తట్టడమే పాలన. రేషన్ షాపు ముందు బారు తీరినవారు అందరికీ కనిపిస్తారు. ఆ బారు దాకా నడవలేని ముసలమ్మ, బాలింత, జ్వరంతో పడుకున్న కూలీ ఎవరికీ కనిపించరు. మన కాలంలో కూడా సహాయం లెక్కలు చాలావరకు వచ్చి నిలబడినవారి లెక్కలే. మరొక సంగతి. సహాయం తీసుకునేవారి సంఖ్య పెరిగితే పాలకులకు సాధారణంగా రెండు ఆలోచనలు వస్తాయి. జనం సోమరులవుతున్నారన్నది ఒకటి, ఈ అంకె బయటికి పొక్కకూడదన్నది రెండోది. ఉమర్ (రజి) ఆ రెండింటిలో దేనికీ పోలేదు. అంకె పెరిగిందంటే కరువు ఇంకా లోపలి ఎడారికి పాకిందని అర్థం చేసుకుని దేగులు పెంచారు.

దేగుల్లోకి ధాన్యం ఎక్కడిది? కరువు హిజాజ్‌లో, నజ్ద్ వైపు. సిరియాలో, ఇరాక్‌లో పంటలు ఉన్నాయి. ఖలీఫా ఆ ప్రాంతాల పాలకులకు వెంటనే ఉత్తరాలు రాశారు. అందరికన్నా ముందు సిరియా నుంచి అబూ ఉబైదా బిన్ జర్రాహ్ (రజి) నాలుగు వేల ఒంటెల మీద ధాన్యం తీసుకుని స్వయంగా వచ్చారు. మదీనా చుట్టూ వాటిని పంచే పని కూడా ఖలీఫా ఆయనకే అప్పగించారు. పని ముగిశాక నాలుగు వేల దిర్హములు ఇవ్వబోతే, తాను అల్లాహ్ కోసం చేశానని ఆయన పుచ్చుకోవడానికి ఒప్పుకోలేదు. దైవప్రవక్త (స) తనకు కూడా ఇలాగే ఇచ్చి పుచ్చుకోమన్నారని ఉమర్ (రజి) గుర్తుచేశాక గానీ తీసుకోలేదు. అమ్ర్ బిన్ ఆస్ (రజి) ఈజిప్టు నుంచి ధాన్యం పంపారని కొన్ని కథనాల్లో ఉంది గానీ ఈజిప్టు అప్పటికి ఇంకా ముస్లింల చేతికి రాలేదు. ఆయన అప్పుడు పాలస్తీనా ప్రాంతంలో ఉన్నారు.

వచ్చిన సరుకంతా మదీనాకే తెచ్చి పోయలేదు. దారిలోనే ఎదురు వెళ్లి, తెగలు ఉన్న చోటనే పంచమని మనుషులను పంపారు. పిండి తినడానికి, దాన్ని మోసుకొచ్చిన ఒంటెను కోసుకోవడానికి, బస్తా గుడ్డలను ఒంటికి కప్పుకోవడానికి ఇచ్చెయ్యమన్నారు. ఆకలితో ఉన్నవాడిని వందల మైళ్లు నడిపించడం కన్నా తిండినే నడిపించడం మేలని దీనిలోని ఆలోచన.

ఇంతా చేసి మరణాలను ఆపగలిగారా? పూర్తిగా లేదు. మన రచయితలు కొందరు ఈ భాగాన్ని దాటేస్తారు, కానీ పాత చరిత్రకారులు దాచలేదు. శిబిరాలకు చేరినవారిలో మృత్యువు ఎలా స్వైరవిహారం చేసిందో, మూడింట రెండు వంతులు పోయి ఒక వంతు మిగిలారేమోనని కళ్లారా చూసినవారికి ఎలా అనిపించిందో రాసిపెట్టారు. అది ఒక సాక్షి అంచనాయే గానీ, ఆలస్యంగా, ఎముకల గూడుగా వచ్చి చేరినవారిని తిండి ఒక్కటే బతికించలేదన్నది నిజం. ఖలీఫా రోగులను చూడటానికి వెళ్లేవారు, చనిపోయినవారికి కఫన్ గుడ్డలు పంపేవారు. ఒకేసారి పది జనాజాలకు నమాజు చేయించడం చూసినవారున్నారు.

ఇక ఆయన ఇంటి సంగతి. కరువు తీరేవరకు నెయ్యి, పాలు, మాంసం ముట్టనని ఒట్టు పెట్టుకున్నారు. ఆ కాలమంతా తన భార్యల ఇళ్లలో గానీ కొడుకుల ఇళ్లలో గానీ ప్రత్యేకంగా ఏదీ రుచి చూడలేదు. జనంతో పాటే పంక్తిలో తినేవారు. జైతూన్ నూనె ఆయన కడుపుకూ పడలేదు, పేగులు గుడగుడమనేవి. తెల్లగా, ఎర్రగా ఉండే మనిషి నల్లబడిపోయారు. కరువు ఇంకొన్నాళ్లు సాగితే ఈయన ముస్లింల దిగులుతోనే పోతారని దగ్గరివారు భయపడ్డారు. ఒకసారి సంతలోకి ఒక తిత్తి నెయ్యి, కొంచెం పాలు వస్తే సేవకుడు నలభై దిర్హములు పోసి కొనుక్కొచ్చాడు. అంత ధర పెట్టినందుకు అతణ్ని మందలించి, ఆ రెండింటినీ దానం చేసెయ్యమన్నారు. ప్రజలకు తగిలిన దెబ్బ తనకూ తగలకపోతే వారి పరిస్థితి తనకెలా తెలుస్తుందన్నది ఆయన వాదన. మరో రోజు ఒంటెలు కోసి జనానికి వండినప్పుడు, మూపురం, కాలేయం ముక్కలు ఆయన కోసం తీసి ఉంచారు. వాటిని వెనక్కి పంపి రొట్టె, నూనె తెప్పించుకున్నారు. తీరా తినబోతూ ఉండగా ఊరి చివర ఒక కుటుంబాన్ని మూడు రోజులుగా చూడలేదని గుర్తొచ్చి, ఆ పళ్లేన్ని కూడా వారికే పంపించేశారు.

ఇంకొకటి కూడా చెప్పాలి, అది మనకు ఎందుకో అన్నింటికన్నా దగ్గరగా అనిపిస్తుంది. తన చిన్న కొడుకుల్లో ఒకరి చేతిలో ఒక పుచ్చకాయ కనిపించింది. ముహమ్మద్ (స) ఉమ్మత్ ఎండిపోతుంటే ఖలీఫా కొడుకు పండ్లు తింటున్నాడా అని గద్దించారు. పిల్లవాడు ఏడుస్తూ పారిపోయాడు. విచారిస్తే తేలిందేమిటంటే, ఆ పసివాడు గుప్పెడు ఖర్జూర గింజలు ఏరుకుని, వాటిని ఇచ్చి ఆ కాయ కొనుక్కున్నాడు. ఆయన ఇంకేమీ అనలేకపోయారు.

చట్టం అమలులో కూడా ఆ ఏడాది తేడా చూపించారు. ఆకలితో దొంగిలించినవారికి చేతులు నరికే శిక్షను కరువులో అమలు చేయలేదు. మరో సందర్భంలో ఒక యజమాని దగ్గర పనిచేసే బానిసలు ఒకరి ఒంటెను దొంగిలించి కోసుకు తింటే, వారిని యజమాని ఆకలితో మాడుస్తున్నాడని తెలుసుకుని, శిక్షను వారి మీది నుంచి తప్పించారు. ఒంటె ఖరీదు నాలుగు వందల దిర్హములు అయితే ఎనిమిది వందలు ఆ యజమాని చేత కట్టించారు.

జకాత్ వసూలు చేసేవారిని ఆ ఏడాది తెగల దగ్గరికి పంపనే లేదు. బీడు నేల మీద పన్నుకు పోతే మిగిలిన నాలుగు మేకలూ పోతాయి. మరుసటి ఏడు వానలు పడి పచ్చిక లేచాక రెండేళ్ల జకాత్ ఒకేసారి తీసుకోమన్నారు. తీసుకున్నదాంట్లో సగం అక్కడికక్కడే ఆ తెగల పేదలకు పంచేసి, మిగిలిన సగమే మదీనాకు తెమ్మన్నారు. గడ్డు కాలంలో వసూలు ఆపి మంచి కాలంలో తీసుకోవడం నేటి ఆర్థికవేత్తలు పుస్తకాల్లో రాస్తున్నారు. ఆ కాపరి బిడ్డ దాన్ని చేసి చూపించారు.

అయినా వాన పడకపోతే ఏం చేయాలన్నది కూడా ఆయన ఆలోచించి పెట్టుకున్నారు. బైతుల్ మాల్ వట్టిపోతే, తిండి ఉన్న ప్రతి ఇంటి మీదా ఆ ఇంటిలోని మనుషులు ఎంతమందో అంతమంది ఆకలిగొన్నవారిని పెడతానని, సగం కడుపుతో ఎవరూ చావరని ఆయన ఉద్దేశం. అంత దూరం పోనక్కర లేకపోయింది. జనాన్ని వెంటబెట్టుకుని ఇస్తిస్ఖా నమాజుకు బయలుదేరారు. దైవప్రవక్త (స) పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి)ను ముందుంచి దుఆ చేయమని కోరారు. తాను ఎక్కువసేపు పాపక్షమాపణే వేడుకుంటూ ఉండిపోయారు. అల్లాహ్ వాన కురిపించాడు.

వాన పడ్డాక జరిగింది ముఖ్యం. శిబిరాలు ఎత్తెయ్యమని హుకుం జారీ చేసి చేతులు దులుపుకోలేదు. మొదట నియమించిన ఆ మనుషులనే మళ్లీ పిలిచి, ఎవరి దిక్కువారిని వారు ఎడారికి సాగనంపమన్నారు. ప్రతి కుటుంబానికీ దారి ఖర్చుకు తిండి, ఎక్కి వెళ్లడానికి ఒంటెలు ఇప్పించారు. తాను కూడా దగ్గర నిలబడి పంపించారు. ఉత్త చేతులతో పచ్చికలోకి పోయినవాడు గడ్డి తినలేడు గదా. పశువు మళ్లీ సమకూరితేనే కాపరి మళ్లీ కాపరి అవుతాడు.

ఇదే బుద్ధి ఆయన పచ్చిక బయళ్ల విషయంలోనూ చూపించారు. ప్రభుత్వం కాపాడే బీడును హిమా అనేవారు. దాని మీద హునై అనే వ్యక్తిని నియమిస్తూ చేసిన ఉపదేశం బుఖారీలో ఉంది. నాలుగు ఒంటెలో, నాలుగు మేకలో ఉన్నవాణ్ని లోపలికి రానివ్వాలి. పెద్ద పెద్ద మందలు గలవారిని, వారు ఉస్మాన్ (రజి), అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) అంతటివారైనా సరే, దూరంగా ఉంచాలి. ఎందుకంటే పెద్దవారి మందలు చచ్చినా వారికి ఖర్జూర తోటలు, పొలాలు ఉన్నాయి. చిన్నవాడి పశువు చస్తే వాడు పెళ్లాం బిడ్డలతో వచ్చి ఖలీఫా గుమ్మంలో నిలబడతాడు. అప్పుడు వాణ్ని కాదనడానికి లేదు, వెండీ బంగారం ఇవ్వాల్సిందే. ముందుగానే గడ్డి, నీళ్లు ఇవ్వడం అంతకన్నా తేలిక. ఇంతకన్నా స్పష్టంగా సహాయం లెక్క ఎవరు వేయగలరు?

కరువు పోయిన ఆ ఏడాదే సిరియాలో మరో ముప్పు వచ్చింది. అమ్వాస్ అనే చోట మొదలైన ప్లేగు పాతిక వేల మందిని బలి తీసుకుందని చరిత్రకారులు రాశారు. మదీనాకు ధాన్యం తెచ్చిన అబూ ఉబైదా (రజి) అందులోనే కన్నుమూశారు. ఒక ప్రాంతం మీద ఆధారపడిన సహాయం ఆ ప్రాంతమే పడిపోతే ఏమవుతుందో దీంతో తెలిసివచ్చి ఉండాలి. ఈజిప్టు వచ్చాక అమ్ర్ (రజి) చేత నైలు నది నుంచి ఎర్ర సముద్రం దాకా, ఫుస్తాత్ నుంచి ఖుల్జుమ్ వరకు, పూడిపోయిన పురాతన కాలువను తిరిగి తవ్వించారు. హిజ్రీ 23 నాటికి ధాన్యపు ఓడలు మదీనా రేవు అయిన జార్‌కు రాసాగాయి. విశ్వాసుల నాయకుడి కాలువ అని దానికి పేరు. అబ్బాసీ ఖలీఫా మన్సూర్ కాలంలో మూసివేసేదాకా, అంటే వంద ఏళ్లకు పైగా, అది పనిచేసింది.

కరువులో పుట్టిన లెక్క మామూలు రోజుల్లోకి కూడా వచ్చింది. దీవాన్ అనే రిజిస్టర్ల సంగతి మనలో చాలామంది వినే ఉంటారు. బహ్రైన్ నుంచి అబూ హురైరా (రజి) ఐదు లక్షల దిర్హములు తెచ్చినప్పుడు, అంత మొత్తం ఉంటుందని నమ్మలేక ఉమర్ (రజి) మళ్లీ మళ్లీ అడిగారట. ఆ ధనం ఎలా పంచాలన్న చర్చలోంచి దీవాన్ వచ్చింది. ఇది హిజ్రీ 15లో అని కొందరు, 20లో అని మరికొందరు రాశారు. వంశాలు బాగా తెలిసిన ముగ్గురిని కూర్చోబెట్టి పేర్లు రాయించారు. వారు బనూ హాషిమ్ తర్వాత అబూబకర్ (రజి) వారిని, ఆ తర్వాత ఉమర్ (రజి) వంశాన్ని రాసుకొస్తే ఒప్పుకోలేదు. దైవప్రవక్త (స)కు బంధుత్వంలో ఎవరు ఎంత దగ్గరో ఆ వరుసలోనే రాయాలన్నారు. తన వంశం వారు వచ్చి మొరపెట్టుకున్నా వినలేదు. తొలి ముహాజిర్లకు నాలుగు వేలు రాసి, తన కొడుకు అబ్దుల్లాహ్ (రజి)కు మూడున్నర వేలే రాశారు. అబ్దుల్లాహ్ తల్లిదండ్రుల వెంట వచ్చాడు గాని తనంతట తాను వలస రాలేదు గదా అని కారణం చెప్పారు. ఖుజాఆ తెగ రిజిస్టరును తానే పట్టుకుని ఖుదైద్ దాకా వెళ్లి, అక్కడి ఆడవారికి, పెళ్లికాని పిల్లకూ వితంతువుకూ కూడా, ఎవరి వాటా వారి చేతిలోనే పెట్టేవారు.

ధాన్యం వాటా ఎంత ఉండాలన్నది ఊహతో నిర్ణయించలేదు. ఒక జరీబ్ కొలత ధాన్యాన్ని పిండి చేసి, రొట్టెలు కాల్పించి, ముప్ఫై మందిని పిలిచి కడుపునిండా తినిపించారు. రాత్రికి మళ్లీ అలాగే చేశారు. దాంతో మనిషికి నెలకు రెండు జరీబులు సరిపోతాయని తేలింది. పురుషుడికీ, స్త్రీకీ, బానిసకూ తేడా లేకుండా అంతే ఇచ్చారు.

రాసిన నిబంధన జనం బతుకును ఎటు తిప్పుతుందో కూడా ఆయన చూశారు. మొదట్లో పిల్లలకు పాలు మాన్పించాకే వాటా రాసేవారు. ఒక రాత్రి మదీనా బయట బస చేసిన వర్తకులకు కాపలా కాస్తుండగా ఒక పసిబిడ్డ ఏడుపు ఆగకుండా వినిపించింది. రెండు మూడుసార్లు వెళ్లి తల్లిని అడిగితే, ఖలీఫా పాలు మానిన పిల్లలకే ఇస్తాడు గనుక బిడ్డకు ముందే మాన్పిస్తున్నానని ఆమె చెప్పింది. తాను ఎవరితో మాట్లాడుతోందో ఆమెకు తెలియదు. ఆ ఉదయం ఫజ్ర్ నమాజులో ఆయన ఏడుపుకు ఖిరాఅత్ కూడా సరిగా వినబడలేదట. నమాజు కాగానే, ముస్లింలలో పుట్టిన ప్రతి బిడ్డకూ పుట్టిన నాటి నుంచే వాటా ఉంటుందని, పాలు మాన్పించే తొందర వద్దని చాటింపు వేయించారు.

ఈ సహాయం ముస్లింలకే పరిమితం కాలేదు. గుడ్డివాడైన ఒక ముసలి యూదుడు అడుక్కుంటూ కనిపిస్తే, జిజియా కట్టడానికి, కడుపు నింపుకోవడానికి అడుక్కుంటున్నానని అతను చెప్పాడు. ఉమర్ (రజి) అతణ్ని చేయిపట్టుకుని ఇంటికి తీసుకెళ్లి ఇంట్లో ఉన్నది ఇచ్చారు. వయసులో ఉండగా పన్ను తీసుకుని ముసలితనంలో వదిలేయడం న్యాయం కాదని చెప్పి, అతనికీ, అతని వంటివారికీ జిజియా రద్దు చేసి బైతుల్ మాల్ నుంచి ఇమ్మన్నారు. అబూ యూసుఫ్ (రహ్మ) ఖలీఫా హారూన్ రషీద్ కోసం రాసిన గ్రంథంలో ఈ సంగతి ఉంది.

హిజ్రీ 23, జుల్ హజ్ నెల. ఇరాక్ భూముల మీద శిస్తు వేసి వచ్చిన హుజైఫా (రజి), ఉస్మాన్ బిన్ హునైఫ్ (రజి)లను ఆపి, ఆ నేల మోయలేనంత వేశారా అని ఉమర్ (రజి) గుచ్చి గుచ్చి అడిగారు. లేదని వారు చెప్పారు. తాను బతికుంటే ఇరాక్ వితంతువులు తన తర్వాత ఏ మగవాడి ముందూ చేయి చాపనక్కర లేకుండా చేస్తానన్నారు. ఆ మాట అన్న నాలుగో రోజే ఫజ్ర్ నమాజులో ఫీరోజ్ అనేవాడు ఆయనను కత్తితో పొడిచాడు.

మంచంలో ఉండి తన అప్పులు లెక్క చూడమని కొడుకు అబ్దుల్లాహ్ (రజి)ను అడిగారు. 86 వేల దిర్హములు తేలింది. ముందు తన కుటుంబం ఆస్తితో తీర్చమన్నారు, చాలకపోతే బనూ అదీ వారిని, అప్పటికీ చాలకపోతే ఖురైష్‌ను అడగమన్నారు, అంతకు మించి ఎవరి దగ్గరికీ పోవద్దన్నారు. తర్వాత ఆయన్నే హజ్రత్ ఆయిషా (రజి) దగ్గరికి పంపి, దైవప్రవక్త (స), అబూబకర్ (రజి)ల పక్కన తన ఖబరుకు అనుమతి అడిగించారు. ఆ చోటును ఆమె తన కోసం ఉంచుకున్నారు. అయినా ఆయనకు ఇచ్చేశారు.